బాయి మాట, ద్విపద నడక

సింగరేణి అన్న మాటను ఒక్కసారి నోటితో తూచి చూడండి. సిం నిలబడి పలుకుతుంది, గ తేలిగ్గా జారిపోతుంది, రే మళ్లీ నిలబడుతుంది, ణి జారుతుంది. నిలబడేది గురువు, జారేది లఘువు. గురువు వెంట లఘువు వస్తే దాన్ని హగణం అంటారు, సూర్యగణాల్లో అదొకటి. అంటే సింగరేణి రెండు సూర్యగణాల మాట. దాని పక్కన బొగ్గు అన్న మాట పెడితే మూడో సూర్యగణం చేరుతుంది. ఆటవెలది మొదటి పాదంలో యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో జతకలిసే అక్షరం ఉండే చోటు దాకా, కావలసింది సరిగ్గా ఆ మూడు గణాలే. రామగుండము అంటే ఒక సూర్యగణం, దానికంటే పెద్దదైన ఒక ఇంద్రగణం. తేటగీతి అలాగే మొదలవుతుంది. మంచిర్యాల మూడు గురువులతో లేచి లఘువు మీద ఆగుతుంది కాబట్టి శార్దూలానికి ఎత్తుగడగా కుదురుతుంది. జైపూరు, చెన్నూరు రెండూ తగణాలు, అంటే రెండు గురువులు, ఒక లఘువు. ఈ పేర్లను ఏ కవీ ఛందస్సు చూసుకుని పెట్టలేదు. జనం పలికీ పలికీ అరగదీసిన మాటలు ఇవి. అవి గణాల్లో ఇలా ఇమిడిపోతున్నాయంటే పద్యం లెక్కలు భాషకు బయటినుంచి తొడిగిన సంకెళ్లు కావనీ, భాష నడకలోంచి తీసిన కొలతలేననీ కనీసం అనుమానించాలి.

ఈ అనుమానాన్ని జైపూర్ దగ్గర నిలబడి అడగడానికి కారణం ఉంది. మంచిర్యాల నుంచి చెన్నూరు పోయే దారిలో ఉన్న మండలం ఇది. పెగడపల్లి దగ్గర సింగరేణి కట్టిన 1200 మెగావాట్ల థర్మల్ కేంద్రం 2016 నుంచి కరెంటు ఇస్తోంది. చుట్టూ బాయిలని పిలిచే భూగర్భ గనులు, ఓపెన్‌కాస్టులు, బొగ్గు లారీలు. ఈ నేల సాహిత్యం అనగానే గుర్తొచ్చేది పాట, కథ. దండేపల్లి మండలం లింగాపురంలో పుట్టిన గూడ అంజయ్య పాట, అల్లం రాజయ్య కథ. అవి ఈ ప్రాంతపు బతుకును రాష్ట్రమంతా వినేలా చేశాయి. పద్యం మాటెత్తితే ఇక్కడ చాలామందికి గుడి మంటపం, శాలువా, పండితుడు గుర్తొస్తారు. మస్టరు పడి పంజరంలో కిందికి దిగే మనిషికీ చంపకమాలకూ ఏం సంబంధం అని అడిగితే, ఆ ప్రశ్నను తేలిగ్గా తీసేయకూడదు. ఈ రోజుల్లో పాత పద్ధతిలో రాయడం సాధ్యమేనా, రాస్తే అది ఈ రోజు మాట అవుతుందా అన్నదే ఈ కథనం విషయం. అవుతుందనే నా వాదన. అయితే పద్యం పేరుతో మనం మోసుకొస్తున్న రెండు మూటల్లో ఒకదాన్ని దించేయాలి. ఛందస్సు ఒక మూట, గ్రాంథికం ఇంకొకటి. రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే ఇబ్బందంతా ఉంది.

ముందు దగ్గరి సాక్ష్యం చూద్దాం. జైపూర్ దాటి అదే దారిలో ముందుకెళ్తే, గోదావరి ఉత్తరానికి తిరిగి ప్రవహించే చెన్నూరు వస్తుంది. వానమామలై వరదాచార్యులు కాపురం ఉన్న ఊరు. ఆయన 1912లో వరంగల్ పక్కన మడికొండలో పుట్టారు, 1984లో కన్నుమూశారు. తెలుగు కవిత్వం వచనం వైపు పూర్తిగా తిరిగిపోయిన కాలంలో ఆయన బమ్మెర పోతన జీవితాన్ని పోతన చరిత్రము అనే పద్య మహాకావ్యంగా రాశారు. అభినవ పోతన అని పేరు పొందారు. ఇంతవరకు చెబితే పాతకాలపు మనిషి పాతకాలపు పని చేశాడు అనిపిస్తుంది. కానీ అదే చేయి కూలిపోయే కొమ్మ అనే వచన కవితా సంపుటిని కూడా రాసింది. రైతుబిడ్డ పేరుతో జానపద గేయాలూ రాసింది. వచనం తెలియక, పాట రాక పద్యం పట్టుకున్న మనిషి కాదాయన. ఏ విషయానికి ఏ నడక సరిపోతుందో ఎంచుకున్నారు. శతాబ్దాల కిందటి కవి బతుకును చెప్పడానికి ఆ కవి వాడిన పనిముట్టునే తీసుకున్నారు. ఆధునికుడు పద్యం రాయడం అజ్ఞానమో మొండితనమో అనేవాళ్లు ఈ మూడు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టుకుని మాట్లాడాలి.

మరి ఛందస్సూ గ్రాంథికమూ ఒకదానికొకటి ఎలా అంటుకున్నాయి? దీనికి చరిత్రలో స్పష్టమైన కారణం కనిపిస్తుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గిడుగు రామమూర్తి వ్యావహారిక భాష కోసం పోరాడారు. ఆ పోరాటం బళ్లలో పిల్లలు చదివే, రాసే వచనం గురించి. అది క్రమంగా గెలిచింది. పత్రికలు మారాయి, పాఠ్యపుస్తకాలు మారాయి, కథ మారింది. కవిత్వంలో వాడుక భాష తీసుకురావాలనుకున్న గురజాడ 1910లో ముత్యాల సరాలతో కొత్త నడక కట్టుకున్నారు. ఆ తరువాత వచ్చిన వాళ్లు ఆ నడకనూ దాటి వచన కవితకు వెళ్లారు. అంటే వాడుక భాష తెలుగులో ప్రతి గదిలోకీ వచ్చింది గానీ పద్యం గదిలోకి దాదాపు రాలేదు. వచ్చేలోపే అందరూ ఆ గది ఖాళీ చేసి వెళ్లారు. మిగిలినవాళ్లు పాత భాషనే కాపలా పెట్టుకున్నారు. వందేళ్లుగా మనం పద్యంలో గ్రాంథికమే వింటున్నాం కాబట్టి పద్యమంటే అదేనన్న నమ్మకం స్థిరపడింది. ఇది కాలం చేసిన కూర్పు. లక్షణ గ్రంథం గురువులనూ లఘువులనూ లెక్కపెట్టమంటుంది. ఆ అక్షరాలు ఏ ఇంటి నుంచి వచ్చాయని అది అడగదు.

మాటలతో చెప్పడం కంటే పద్యాన్నే బల్ల మీద పెట్టి చూడటం మంచిది. సింగరేణి బొగ్గు అన్న మూడు గణాలతో మొదలుపెట్టి, ఈ కథనం కోసం ఒక ఆటవెలది కడదాం.

సింగరేణి బొగ్గు చీకటి పొరలలో
దిగిన మనిషి యెక్కి తిరిగి వచ్చి
పొద్దు చూచు వేళ బూడిద రంగులో
ఇల్లు చేరు దారి యెంత దవ్వు

గణాలు సరిపోయాయి. మొదటి పాదంలో సికీ చీకీ, రెండో పాదంలో దికీ తికీ, మూడో పాదంలో పొకీ బూకీ, నాలుగో పాదంలో ఇకీ యెకీ యతి కుదిరింది. తప్పు పట్టడానికి లక్షణంలో ఏమీ లేదు. చెవికి మాత్రం ఏదో అడ్డం పడుతుంది. ఎక్కడ? చూచు అని గోదావరిఖనిలో ఎవరూ అనరు, చూసే అంటారు. దవ్వు అనరు, దూరం అంటారు. పొరలలో అనరు, పొరల్లో అంటారు. మరి ఆ మాటలే వేయొచ్చు కదా అంటే, వేయలేం. చూచు అంటే గురువు, లఘువు. సూర్యగణం అవుతుంది. చూసే అంటే రెండూ గురువులే. ఆ జంట సూర్యగణమూ కాదు, ఇంద్రగణమూ కాదు. పొరలలో అంటే మూడు లఘువుల మీద గురువు, చక్కని ఇంద్రగణం. పొరల్లో అంటే లఘువు, ఆపైన రెండు గురువులు, ఎందులోనూ ఇమడదు. తెలుగు కాలంతో పాటు మారిన తీరే ఇక్కడ పట్టుబడుతోంది. పాత తెలుగులో వచ్చు, చేయు, చూచు అని పొట్టిగా ముగిసిన మాటలు నేడు వచ్చే, చేసే, చూసే అని సాగిపోయాయి. పద్యం రాసేవాడు పండితుడిలా మాట్లాడాలన్న కోరికతోనే గ్రాంథికంలోకి జారడు. గణం చివర ఒక లఘువు అవసరమై జారతాడు. పద్యం మీద ఉన్న ఫిర్యాదుల్లో నాకు అన్నిటికంటే బలంగా కనిపించేది ఇదే. మిగతావాటి గురించి గంటలు గంటలు వాదించుకుంటాం, దీని గురించి మాత్రం దాదాపు మాట్లాడుకోం.

అయితే అదే కొలబద్దను ఇంకోవైపు తిప్పి చూస్తే వేరే సంగతి కనిపిస్తుంది. వస్తుంది, చేస్తాడు, వెళ్తారు, అంటారు. ఇవన్నీ రెండు గురువులు, ఒక లఘువు. తగణం, అంటే ఇంద్రగణం. తెలంగాణలో వచ్చిండు, పోయిండు, చేసిండు అంటారు. అవీ తగణాలే. బాయిలో, ఇంటికే, అప్పుడే లాంటివి రగణాలు. దిగుతాడు, దిగినోడు అన్నవి సలములు. ఇవి కూడా ఇంద్రగణాలే. నేటి నోటిలో ఉన్న తెలుగు సూర్యగణాల కంటే ఇంద్రగణాల వైపు ఎక్కువగా మొగ్గుతోంది. కాబట్టి సూర్యగణాలు ఎక్కువున్న ఆటవెలది ఈనాటి మాటను కొంచెం నలుపుతుంది. ఇంద్రగణాలు ఎక్కువున్న సీసం, ద్విపద దాన్ని హాయిగా మోస్తాయి. వచ్చే, చూసే అన్న రెండు గురువుల మాటలకు కూడా చోటుంది. కందంలో గగ అనే గణం అదే. వృత్తాల సంగతి వేరు. చంపకమాల ఎత్తుకోవడమే నాలుగు లఘువులతో. ఉత్పలమాలకైనా మత్తేభానికైనా ఏ అక్షరం ఎక్కడ గురువు కావాలో, ఎక్కడ లఘువు కావాలో ముందే తేలిపోయి ఉంటుంది. అలాంటి చోట సంస్కృత సమాసం వచ్చి కూర్చోవడం సహజం. అందువల్ల ఈ రోజు పద్యం రాయదలచిన మనిషి మొదట తేల్చుకోవలసింది ఏ ఛందస్సు అని. భాష సంగతి సగం అక్కడే తేలిపోతుంది.

ద్విపదకు మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. మూడో గణం మొదటి అక్షరం మీద యతి. రెండు పాదాల్లోనూ రెండో అక్షరం ప్రాస. ఆ లెక్కలో, వాడుక మాటను ఒక్క అక్షరం కూడా వంచకుండా చూద్దాం.

బాయిలో దిగినోడు బయటికొచ్చిండు
మాయని నలుపుతో మాట్లాడుతుండు

విడదీస్తే బాయిలో, దిగినోడు, బయటికొ, చ్చిండు. రగణం, సలము, నగము, హగణం. బాకు బ యతి. రెండో పాదం మాయని, నలుపుతో, మాట్లాడు, తుండు. మాకు మా యతి, యికి య ప్రాస. ఇందులో నిఘంటువు కోసం లేవాల్సిన మాట ఒక్కటీ లేదు. షిఫ్టు దిగి క్యాంటీన్ దగ్గర నిలబడ్డ మనిషి వింటే ఇది పద్యమని కూడా అనుకోడు, ఎవరో మాట్లాడుతున్నారనుకుంటాడు. అయినా ఏ లాక్షణికుడి ముందు పెట్టినా ఇది నికార్సైన ద్విపద. పై ఆటవెలదికీ దీనికీ కొలత విషయంలో తేడా లేదు, రెండూ ఛందోబద్ధాలే. తేడా అంతా ఏ భాషకు ఏ నడక ఇచ్చామన్న దగ్గరే ఉంది. తట్ట, చెమ్మసు, టబ్బు, మస్టరు, షిఫ్టు, డంపరు అన్న మాటలు కూడా ఇదే పరీక్షకు నిలుస్తాయి. చెమ్మసు, మస్టరు, డంపరు భగణాలు. టబ్బు, షిఫ్టు హగణాలు. ఎక్కడి నుంచి వచ్చినా తెలుగు నోట నలిగిన మాటకు గురువూ లఘువూ ఏర్పడతాయి.

ఇది కొత్త తిరుగుబాటు కూడా కాదు. సంప్రదాయం లోపలే ఈ దారి ఉంది, పైగా ఈ తెలంగాణ నేల మీదే మొదలైంది. పాలకుర్తికి చెందిన పాల్కురికి సోమనాథుడు పదమూడో శతాబ్దంలో బసవ పురాణాన్ని ద్విపదలో రాశాడు. అప్పటికి పండితులు గౌరవించిన మార్గం వృత్తాలతో, గద్యంతో కూడిన చంపూ కావ్యం. అది తెలిసే ఆయన జాను తెనుగును, దేశి ఛందస్సును కోరి తీసుకున్నాడు. గోదావరి ఒడ్డున ఎగువన ఉన్న ధర్మపురిలో శేషప్ప కవి నరసింహ శతకాన్ని సీసపద్యాల్లో చెప్పాడు. ఆ సీసాలు బడికి పోనివాళ్ల నోళ్లలో కూడా నిలిచాయి. దేవుణ్ణి నిలదీసి, బతిమాలి, గొడవపడే మనిషి గొంతు వాటిలో ఉండటమే అందుకు కారణం. ఆధునిక కవిత్వానికి మహాప్రస్థానంతో దారి వేసిన శ్రీశ్రీ మొదటి పుస్తకం ప్రభవ పద్యాలదే, 1928లో వచ్చింది. పద్యాన్ని వదిలిన తరువాత కూడా ఆయన సిరిసిరిమువ్వ పేరుతో కందపద్యాలు రాశారు, అదీ వాడుక మాటల్లో. కందం నేటి మాటకు అనువుగా ఉంటుందని పైన లెక్కతో చెప్పినదాన్ని ఆయన చెవి ముందే పట్టుకుంది. సంప్రదాయం అంటే మనం వృత్తాలనూ ప్రబంధాలనూ మాత్రమే గుర్తుపెట్టుకుని, దానికి రెండో సగమైన ద్విపదనూ సీసాన్నీ కందాన్నీ మరిచిపోయాం.

పద్యం అగ్రకులాల ఆస్తి అన్న అభ్యంతరం ఉంది. అందులో నిజముంది. శతాబ్దాల పాటు చదువు కొందరి చేతుల్లోనే ఉండటం వల్ల పద్యవిద్య కూడా అక్కడే పేరుకుంది. ఆ అన్యాయాన్ని దాచిపెట్టి పద్యాన్ని పొగడటం సరికాదు. కానీ ఆ అన్యాయాన్ని అందరికంటే లోతుగా అనుభవించిన గుర్రం జాషువా ఏం చేశారు? 1941లో గబ్బిలం రాశారు. కాళిదాసు మేఘాన్ని దూతగా పంపితే, ఆయన ఊరికి దూరంగా నెట్టబడ్డ మనిషి చేత గబ్బిలాన్ని దూతగా పంపించారు. కావ్య రూపం పాతదే. పద్యాలూ నిక్కమైనవే. ఏ పనిముట్టును ఎవరు తన చేతికి అందనివ్వకుండా చూశారో ఆ పనిముట్టుతోనే వాళ్ల తలుపు తట్టారు. ఇక తెలంగాణ పల్లెల్లో పద్యం పండితుల ఇళ్లలోనే ఉందనడం పొరపాటు. చిందు యక్షగానం ఆడేది మాదిగల ఆశ్రిత కులమైన చిందు వాళ్లు. వాళ్ల ఆటలో పద్యమూ ఉంది, ద్విపదా ఉంది, దరువూ ఉంది. నిజామాబాద్ జిల్లా చిందు ఎల్లమ్మ ఆ కళకు ప్రతీకగా నిలిచారు. 2024లో చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ వచ్చింది. తాళపత్రం చేతికి ఇవ్వకపోయినా పద్యాన్ని గొంతులో మోసిన వాళ్లు వీళ్లు. పద్యాన్ని పై కులాల వాళ్ల వస్తువుగా కొట్టిపారేస్తే వీళ్ల వారసత్వాన్ని కూడా వాళ్లకే రాసిచ్చినట్టవుతుంది. దానికి నేను ఒప్పుకోను.

ఛందస్సు భావాన్ని బిగిస్తుంది, గణం నింపడానికి వ్యర్థపదాలు తెప్పిస్తుంది అన్నది మరో మాట. చేతకాని చేతిలో అలాగే జరుగుతుంది. మరి వచన కవితలో వ్యర్థపదాలు లేవా? అక్కడ వాటిని పట్టుకునే కొలత ఉండదు, అంతే తేడా. వచనంలో గొప్ప కవిత్వం వచ్చిందన్నదాంట్లో సందేహం లేదు. మన ఉమ్మడి కరీంనగర్ హనుమాజీపేట బిడ్డ సి. నారాయణరెడ్డి విశ్వంభరకు 1988 జ్ఞానపీఠం దక్కింది, విశ్వనాథ సత్యనారాయణ రామాయణ కల్పవృక్షానికి 1970లో దక్కినట్టే. ఒకటి వచనం, ఒకటి పద్యం. ఒకదాన్ని నిలబెట్టడానికి ఇంకోదాన్ని పడగొట్టక్కర్లేదు. అయితే వచనం చేయలేని ఒక పని పద్యం చేస్తుంది. కవి దాశరథిని నిజాం ప్రభుత్వం నిజామాబాదు జైల్లో పెట్టినప్పుడు కాగితం లేదు, కలం లేదు. పళ్లు తోముకోవడానికి ఇచ్చిన బొగ్గుతో ఆయన జైలు గోడ మీద పద్యాలు రాశారు. తోటి ఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామి వాటిని కంఠస్థం చేశారు. అధికారులు గోడ కడిగించగలరు, నోటిని కడిగించలేరు. యతీ ప్రాసా అలంకారానికి పెట్టినవి అనుకుంటాం గానీ అవి జ్ఞాపకానికి వేసిన కొక్కేలు. ఒక మాట జారిపోతే దాని స్థానంలో ఏ అక్షరం ఉండాలో మిగతా పాదం గుర్తుచేస్తుంది. రాయడానికి చోటు లేని చోట, రాసింది తుడిచేసే చోట, ఆ కొక్కేలే కవిత్వాన్ని కాపాడతాయి. 1949లో అగ్నిధారగా వచ్చిన ఆ కాలపు కవిత్వాన్ని ఎవరూ పాతకాలపు రాతగా చదవలేదు, నిప్పుగా చదివారు.

వినేవాళ్లు ఎక్కడున్నారు అని కూడా అడుగుతారు. అవధానాల్లో ఉన్నారు, నిజమే. అవధానం తెలుగువాళ్లకు దక్కిన అపురూపమైన విద్య. సమస్యాపూరణ, దత్తపది, నిషిద్ధాక్షరి చూసినవాళ్లు మనిషి బుద్ధి ఎంత దూరం పోగలదో కళ్లారా చూసినట్టే. కానీ అక్కడ మెచ్చుకోలు చిక్కు విడిపోయినందుకు వస్తుంది, పద్యం మన బతుకును తాకినందుకు కాదు. పద్యాన్ని అవధాన వేదికకే పరిమితం చేస్తే అది ప్రదర్శనగా మిగులుతుంది. పక్కనే ఉర్దూను చూడండి. గజల్‌కు ఉన్న కట్టుబాట్లు మన పద్యానికి ఏమాత్రం తీసిపోవు. బహర్, రదీఫ్, కాఫియా, ఒక్కటి తప్పినా సభలో పరువు పోతుంది. అయినా ముషాయిరాకు జనం వస్తారు, షేర్ విని వాహ్ అంటారు, ఇంటికెళ్లి చెప్పుకుంటారు. అక్కడ పాత కొలతలో నేటి మాట వినిపిస్తుంది కాబట్టి. గాలిబ్‌ను తెలుగులోకి తెచ్చిన దాశరథికి ఈ రహస్యం తెలుసు. హైదరాబాదు గాలి పీల్చిన తెలంగాణ కవికి ఇది కొత్తగా నేర్పాల్సిన పాఠం కాదు, గుర్తుచేసుకోవాల్సిన సంగతి.

గణాలు సరిచూసి, యతి తప్పితే ఎత్తిచూపే సాఫ్ట్‌వేర్లు కూడా ఇప్పుడు వచ్చాయి. కొందరికి ఇది పద్యవిద్యకు చావుగంటలా అనిపిస్తుంది. నాకు అలా అనిపించదు. తప్పుల్లేకుండా రాయడమే గొప్ప అనుకునే రోజులు దానితో పోతాయి, పోవాలి కూడా. లెక్క యంత్రం చూసుకుంటే మనిషికి మిగిలేది ఏ మాట ఎక్కడ వేయాలన్న నిర్ణయం. చూచు అనాలా, నడక మార్చుకుని చూసే అనాలా అన్నది యంత్రం చెప్పదు, చెవి చెబుతుంది. ఆ చెవిని తయారుచేయాల్సిన చోటు బడి. హైస్కూలు తెలుగు వాచకాల్లో ఛందస్సు ఉంది. పిల్లలు పద్యపాదం కింద గురులఘువుల గుర్తులు పెడతారు, గణాల పేర్లు రాస్తారు, ఉత్పలమాలో చంపకమాలో గుర్తుపడతారు, మార్కులు తెచ్చుకుంటారు. ఒక్క పాదమైనా సొంతంగా కట్టమని అడిగే ప్రశ్న పరీక్షలో కనిపించదు. ఈత గురించి అన్నీ చెప్పి నీళ్లలోకి దింపకపోవడం ఇది. జైపూర్‌లోనో శ్రీరాంపూర్‌లోనో పదో తరగతి చదివే పిల్లకు ఉత్పలమాల కంటే ముందు ద్విపద ఇవ్వాలి. మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. తన ఇంట్లో వినే మాటల్ని, సైరన్ మోగగానే నాన్న టిఫిన్ డబ్బా అందుకుంటూ అనే మాటల్ని, బూడిద పడ్డ బట్టల్ని మళ్లీ ఉతుకుతూ అమ్మ అనే మాటల్ని నోట్‌బుక్కులో రాసి, కింద గురులఘువుల గుర్తులు పెట్టి చూడమనాలి. వాటిలో సగానికి పైగా ఇప్పటికే గణాల్లో ఉంటాయి. మిగతావాటిని సర్ది యతి వెతకడం ఒక ఆదివారం మధ్యాహ్నం పని.